రెండో గుమ్మం

ఆ వేసవిలో మా పనిగదిలో ఫ్యాను ఉన్నా లేనట్టే. దూది ఏకేచోట ఫ్యాను వేస్తే గదంతా మబ్బు పట్టినట్టు అయిపోతుంది. ముక్కుల్లోకి, కనురెప్పల మీదకి, నీళ్ల చెంబులోకి, ఎక్కడ చూసినా దూదే. అందుకని ఎంత ఎండ కాసినా తలుపు ఓరగా వేసుకుని, చెమటలు కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ పరుపులు కుట్టాల్సిందే. ఆ ఏడు నర్సింగు చదివే ఆడపిల్లల హాస్టలు వాళ్లు కొత్త పరుపులు అడిగారు. కాలేజీ తెరిచేలోగా ఇచ్చెయ్యాలి. మావారు ఏకుడు యంత్రం దగ్గర, నేనూ అత్తమ్మా నేల మీద చెరోవైపు.

అత్తమ్మ చేతిలో దబ్బనం ఆడుతుంటే నోట్లో మాట కూడా ఆడుతుండేది. యంత్రం బెల్టు మాటిమాటికీ జారుతోందని పిలిస్తే మెకానిక్కు వచ్చి బిగించి, వెళ్తూ వెళ్తూ చక్రం ఇరుసుకి ఓ నల్లతాడు కట్టాడు.

"ఇదేంటి నాయనా?" అంది అత్తమ్మ.

"దిష్టి తగలకుండా పెద్దమ్మా. మంచి యంత్రం."

ఆవిడ కత్తెర తీసుకుని ఆ తాడు కత్తిరించి అతని చేతిలో పెట్టింది. "నూనె వెయ్యి, తాడు కట్టకు. తాడే కాపాడేదైతే నిన్నెందుకు పిలుస్తాం? తాడునే పిలిచేవాళ్లం."

మా వీధిలో పిల్లలు ఆవిణ్ణి 'ఒక్కడే నానమ్మ' అనేవాళ్లు. ఏ మాట మొదలుపెట్టినా అక్కడికే వచ్చేది మరి. ఒక్కడే. అడిగితే ఆయన్నే అడగాలి, భయపడితే ఆయనకే భయపడాలి, మధ్యలో దళారీ లేడు. కూరగాయల బండివాడు కూడా "ఎన్ని కిలోలు నానమ్మా, ఒక్కటేనా?" అని ఏడిపించేవాడు. "దేవుడొక్కడే గానీ వంకాయలు రెండు కిలోలివ్వు" అనేది ఆవిడ. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక నమాజు తప్పకుండా చదవడం నేర్చుకుంది ఆవిడ పక్కన నిలబడే. అయినా నాకు అంత గట్టి మనసు లేదు. ఆవిడ గోడ, నేను గోడకి ఆనుకున్న నిచ్చెన. అలా అనుకునేదాన్ని.

ఆ వేసవిలో ఆ గోడ కదలడం మొదలుపెట్టింది.

వెనక గదిలో నా ఆడపడుచు పడుకుని ఉండేది. సన్నగా ఉంటుందని చిన్నప్పటి నుంచీ అందరూ పిట్ట అనే పిలుస్తారు. అంతకు ముందు రెండుసార్లు నెలలు నిండకుండానే బిడ్డలు పోయారు. ఇది మూడోది. ఏడో నెల నడుస్తోంది. డాక్టరమ్మ లేవద్దంది, ఎడమవైపు తిరిగి పడుకోమంది. దాని మొగుడు లారీ డ్రైవరు, వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అత్తమ్మ దబ్బనంలో దారం అయిపోయినప్పుడల్లా లేచి వెనక గదిలోకి వెళ్లి వచ్చేది.

"ఇప్పుడే చూశారు కదా అత్తమ్మా."

"కదులుతోందా అని అడగడానికి వెళ్లా."

"కదులుతోందా?"

"పొద్దున కదిలిందట. ఇప్పుడు నిద్రపోతోందేమో లోపల." కూర్చునేది. నాలుగు కుట్లు వేసేది. మళ్లీ లేచేది. చూడకుండా కుట్టే మనిషి వేలు గుచ్చుకుని చారల గుడ్డ మీద రక్తపు చుక్క పడితే, ఆ చుక్కని అలాగే చూస్తూ ఉండిపోయింది. పొయ్యి మీద టీ మరిగి మరిగి గిన్నె మాడిపోయేది. నమాజులో సజ్దాకి వంగి నుదురు నేలకి ఆనిస్తే ఎంతకీ లేచేది కాదు.

ఒక మధ్యాహ్నం దారం తెస్తానని బజారుకి వెళ్లింది. దారపు కండెలు అలమర కింద నిండా ఉన్నాయి. దారం లేకుండానే తిరిగొచ్చింది. వచ్చి, పిట్ట పడుకునే పరుపు గట్టిపడిపోయింది, దానికి కొత్తది కుట్టాలంది. మంచిదే కదా అనుకున్నాను. హాస్టలుకి తెచ్చిన నీలం చారల గుడ్డలోనే ముక్క మిగిలితే దానికే తీసుకుంది. దూదిలో గింజ లేకుండా, నలక లేకుండా చేత్తో ఏరింది. మూతి కుట్టే వేళకి నేను సాయం పడతానంటే "నువ్వు హాస్టలువి చూసుకో" అని తలుపు వేసుకుంది.

కొత్త పరుపుకి ఎండ తగలాలి. దూదిలో తడి పోయి పొంగుతుంది. హాస్టలు పరుపులన్నీ మేడ మీద ఎండకి వేసి ఉన్నాయి. పిట్టది కూడా వాటి పక్కనే వేశాం. మర్నాడు పొద్దున్నే అత్తమ్మ పిట్టని చూపించడానికి ఆస్పత్రికి తీసుకెళ్లింది. వాళ్లు లేని సమయంలో ట్రాలీ ఆటో వచ్చింది. మావారూ ఆటో అతనూ కలిసి పరుపులు చుట్టచుట్టి దింపారు. నేను వంటింట్లో ఉన్నాను.

ఆస్పత్రి నుంచి వచ్చి పిట్టని పడుకోబెట్టి అత్తమ్మ మేడెక్కింది. దిగి వచ్చినప్పుడు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దాని పరుపేదిరా?"

మావారు నాలిక కరుచుకున్నారు. "అయ్యో, అదీ వెళ్లిపోయిందా? ఒకటి ఎక్కువొచ్చిందంది వార్డెనమ్మ. ఉంచుకోండి, ఏదైనా పాడైతే మార్చుకోవచ్చు అని నేనే అన్నా. పోనీలే అమ్మా, సాయంత్రానికి ఇంకోటి కుట్టేద్దాం. దూది ఉందిగా."

"ఇంకోటి కుడతావా! ఎంత తేలిగ్గా అన్నావురా!"

"ఏంటమ్మా, పరుపేగా?"

ఆవిడ నా రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. "చెప్పులేసుకో. హాస్టలుకి వెళ్లాలి."

"ఈ ఎండలోనా? రేపు ఆయనే వెళ్లి..."

"అందులో తాయెత్తుంది."

మొదట నవ్వాను. హాస్యమాడుతోందనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. పైటచెంగు వేలికి చుడుతూ, విప్పుతూ, మళ్లీ చుడుతూ నిలబడింది. నేను ఇంకేం అడగకుండా చెప్పులేసుకున్నాను.

దారిలో ఆవిడే చెప్పుకొచ్చింది. నాతో చెబుతున్నట్టు లేదు, రోడ్డుతో చెబుతున్నట్టుంది. బజారు చివర రేకుల గదిలో కూర్చునే తాయెత్తులాయన దగ్గరికి వెళ్లిందట. అతను ఏదో రాసి, మడిచి, చిన్న రేకు గొట్టంలో పెట్టి ఇచ్చాడట. కడుపుతో ఉన్న పిల్ల దాని మీదే పడుకోవాలి, కాన్పయ్యేదాకా అది ఇంటి గుమ్మం దాటకూడదు అన్నాడట.

"దాటితే?"

"దాటకూడదన్నాడు." నాలుగు అడుగులు వేశాక, "బిడ్డకి మంచిది కాదన్నాడు" అంది.

"అవన్నీ వట్టివని మీరే కదా అత్తమ్మా..."

"తెలుసే! నీకు చెప్పింది నేనేగా. తెలియనివాళ్లు చేస్తే అదో దారి. తెలిసి తెలిసి వెళ్లాను. అది ఆయనకి సాటి కల్పించడం, షిర్క్ అని పదిమందికి చెప్పిన నోటితోనే వాణ్ణి 'కాపాడు నాయనా' అన్నాను." ఆగి ఊపిరి తీసుకుంది. "ఇదివరకు ఒక్కడికే భయపడేదాన్ని. ఎంత హాయిగా ఉండేది! ఇప్పుడు చూడు. ఆ తాయెత్తులాయనంటే భయం, గుమ్మమంటే భయం, ఆటోవాడంటే భయం. ఇప్పుడా పరుపు మీద ఎవరు పడుకుంటారోనని భయం. ఎంతమందికని భయపడనే?"

"మరి వదిలేద్దాం. వెనక్కి పోదాం పదండి."

"పిట్టకి ఏదన్నా అయితే?" అని నడక పెంచింది. నేను వెనక దాదాపు పరిగెత్తాను.

వార్డెనమ్మ కళ్లజోడు మీదుగా చూసింది. "మళ్లీ ఏమైందమ్మా? పరుపులన్నీ గదుల్లో వేయించేశాను."

"ఒకదాంట్లో సూది విరిగి ఉండిపోయిందేమోనని అనుమానంగా ఉందమ్మా" అంది అత్తమ్మ. ఆవిడ నోట అబద్ధం వినడం నాకు అదే మొదటిసారి. ఎంత గుక్క తిప్పుకోకుండా చెప్పింది!

"సూదా! పిల్లలకి గుచ్చుకుంటే ఎవరిది పూచీ? వెతకండి ముందు!"

మెట్లెక్కుతూ నేను గుసగుసగా అన్నాను. "అబద్ధం కూడానా అత్తమ్మా?"

"ఒకటి మొదలుపెడితే ఇంతే" అంది వెనక్కి తిరక్కుండా.

గది తర్వాత గది. ఇనప మంచాలు, మంచాల కింద ట్రంకు పెట్టెలు, దండెం మీద ఆరేసిన తెల్ల యూనిఫారాలు. పాత పిల్లలు కొందరు సెలవుల్లో కూడా ఆస్పత్రి డ్యూటీల కోసం ఉండిపోయారు. సూది సంగతి తెలిసి వాళ్లు కెవ్వుమని మంచాలు దిగారు. ఒకమ్మాయి "నాకు పొద్దున్నుంచీ నడుం నొప్పిగా ఉంది, అదేనేమో!" అంది. ఇంకో అమ్మాయి "నీకది పుట్టినప్పట్నుంచీ ఉందిగా" అంది. అత్తమ్మ ఎవరినీ వినిపించుకోలేదు. దుప్పటి ఎత్తడం, పరుపు మూతి కుట్టు మీద వేళ్లు పరిగెత్తించడం, వదిలెయ్యడం, పక్క మంచం. నా కుట్టు, ఆవిడ కుట్టు చూడగానే తెలిసిపోతాయి, నావి కొంచెం దూరం దూరం. కానీ ఆవిడవే సగం ఉన్నాయి. ఒక్కొక్క దాన్నీ ఒత్తి చూడాల్సి వచ్చింది. మధ్యలో ఒకసారి ముందు చూసిన గదిలోకే మళ్లీ వెళ్లాం. నాకు దొరకాలని ఉంది, దొరక్కుండా ఉంటే బాగుండుననీ ఉంది.

చివరి గదిలో ఒకమ్మాయి రాత్రి డ్యూటీ చేసొచ్చి బూట్లతోనే పడి నిద్రపోతోంది. అత్తమ్మ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ పిల్ల కాళ్ల కిందుగా చెయ్యి పోనిచ్చి ఒత్తింది. ఆగింది. నా వైపు చూసింది.

అమ్మాయి ఉలిక్కిపడి లేచింది. "ఏంటి? ఎవరు?"

"ఏం లేదమ్మా. ఒక్కసారి లేస్తావా తల్లీ?"

కత్తెర మొనతో నాలుగు కుట్లు తెంపి, మోచెయ్యి దాకా దూదిలోకి పోనిచ్చి, పిడికిలి మూసి బయటికి తీసింది. "దొరికిందా? సూదేనా?" అని ఆ అమ్మాయి కళ్లు నులుముకుంటూ అడిగింది. అత్తమ్మ "దొరికిందమ్మా" అని మాత్రం అంది. నేను దబ్బనం తీసి ఆ మూతి మళ్లీ కుట్టేశాను. పరుపు అక్కడే ఉంచేశాం.

కిందికి దిగేసరికి పొద్దు కుంకింది. ఇంటికి చేరేలోగా మగ్రిబ్ నమాజు వేళ దాటిపోతుంది. ఇందాక మేం నిద్ర లేపిన అమ్మాయే పాపం ఉతికిన దుప్పటి ఒకటి తెచ్చి వరండాలో పరిచింది. మేం పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లాం.

అత్తమ్మ ఎడమచేత్తో కుళాయి తిప్పింది. నీళ్లు పడుతున్నాయి. నమాజుకి ముందు చేసే వుజూ మొదలయ్యేదే చేతులు కడుక్కోవడంతో. ఆవిడ కుడి పిడికిలి మూసే ఉంది. కాసేపు అలాగే నిలబడి, "ఇది పట్టుకో" అంది నాతో.

"నాకూ నమాజుంది కదా అత్తమ్మా."

"అయితే ఆ గట్టు మీద పెడతా."

"పెట్టండి."

పెట్టలేదు. గట్టు వైపు చూసింది, వరండాలో పరిచిన దుప్పటి వైపు చూసింది. నీళ్లు పోతూనే ఉన్నాయి. "నమాజులో నిలబడి ఆయనతో ఏమంటాం? నిన్నే వేడుకుంటున్నాం అంటాం. కళ్లేమో గట్టు మీద ఉంటాయి" అంది. తర్వాత, "బిడ్డ బతికితే ఎవరికి చెప్పుకోనే కృతజ్ఞత? ఈ రేకు ముక్కకా?" అంది.

నేను పక్కకి జరిగి ఆవిడకి కుళాయి కింద చోటిచ్చాను.

గోటితో గొట్టం మూత ఊడదీసి కాగితం విప్పింది. గళ్లు గీసి, గళ్లల్లో ఏవో గుర్తులు. మాకు తెలిసిన అక్షరం ఒక్కటి కూడా లేదు. "ఎందుకైనా మంచిది, ఎక్కడైనా ఆయన పేరుందేమో" అని చించకుండా అరచేతిలో పెట్టి నీళ్ల కింద పట్టింది. సిరా నీలంగా జారి పోయింది. కాగితం ముద్దయ్యాక మొక్కల మొదట్లో మట్టిలో కప్పెట్టింది. గొట్టం చెత్తబుట్టలో వేసింది. చేతులు మూడుసార్లు కడుక్కుంది. ఇద్దరం నిలబడి నమాజు చదివాం.

ఇంటికొచ్చేసరికి తాళం. పక్కింటావిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. "ఎక్కడికి పోయారమ్మా? పిట్టకి నొప్పులొచ్చాయి. ఇందాకే, దీపాలు పెట్టే వేళ. అబ్బాయి ఆటోలో తీసుకెళ్లాడు."

ఆస్పత్రి దాకా అత్తమ్మ నా చెయ్యి వదల్లేదు. "దీపాలు పెట్టే వేళ" అని రెండుసార్లు అంది. మేం కుళాయి దగ్గర ఉన్నప్పుడే అని నాకూ లెక్క తెలుస్తూనే ఉంది. ఆవిడ పెదాలు కదులుతూ, ఆగుతూ, మళ్లీ కదులుతూ ఉన్నాయి. దుఆ చదివి వేడుకుంటోందో, ఆ కాగితాన్ని తలుచుకుంటోందో నాకు తెలియలేదు. నా మనసు మాత్రం ఆ మొక్కల మొదటికి పోయి మట్టి తవ్వుతోంది.

ఆడపిల్ల పుట్టింది. అరచేతిలో పట్టేంత. ఏడ్చిందన్నారు, మాకు వినపడలేదు. అద్దాల పెట్టెలో పెట్టారు. ముక్కులో గొట్టం, కాలికి తీగ. "రోజు గడిస్తే రోజు గడిచినట్టు, ఏమీ చెప్పలేం" అంది డాక్టరమ్మ. ఆ రోజులు ఎలా గడిచాయో ఇప్పుడు తల్చుకుంటే వరండాలో నడవడం తప్ప ఏమీ గుర్తు రాదు. మా ఇంట్లో వాళ్లెవరికీ కూర్చోవడం చేతకాలేదు. అల్లుడు లారీ ఎక్కడో వదిలేసి వచ్చాడు. వచ్చి, అద్దం ముందు నిలబడి, తలగోక్కుని, మళ్లీ మెట్లు దిగిపోయేవాడు.

ఒక సాయంత్రం అందరం వార్డులో పిట్ట మంచం చుట్టూ ఉన్నాం. పక్క మంచం వాళ్లు ఏదో చెప్పారు కాబోలు, పిట్ట తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నీకు ఇష్టం ఉండదు, తెలుసు. బజారు చివర రేకుల గదిలో ఎవరో ఉన్నాడట. పిల్లల కోసం రాసిస్తాడట. నా కోసం ఒక్కసారి."

"మీరు రానక్కర్లేదు అత్తయ్యా, నేను తెచ్చేస్తా. మీకు తెలియనట్టే ఉండండి" అన్నాడు అల్లుడు, అప్పుడే చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ.

మావారు నేల చూపులు చూశారు. అమ్మ ఇక అందుకుంటుందని ఆయన భయం. నాకూ అదే భయం. 'ఒక్కడే' అని మొదలుపెడితే ఆ పిల్ల ఇప్పుడు తట్టుకోలేదు. అలా కాకుండా ఊరుకుంటే, అల్లుడు మెట్లు దిగేస్తాడు. కుళాయి దగ్గర జరిగింది నాకూ ఆవిడకూ మాత్రమే తెలుసు. ఊరుకోవడం ఆవిడకి చాలా తేలిక.

"నేను వెళ్లొచ్చానమ్మా" అంది అత్తమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ చెప్పింది. బజారు, పరుపు, గుమ్మం, సూది అని చెప్పిన అబద్ధం, నీళ్లలో కడిగిన కాగితం. ఏదీ దాచలేదు, ఏదీ చక్కదిద్దలేదు. మావారి నోరు తెరుచుకునే ఉండిపోయింది.

పిట్ట మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎప్పుడు? ఏ రోజు పడేశావు?"

"నీకు నొప్పులొచ్చిన సాయంత్రం."

"ఎందుకు పడేశావమ్మా! పడేసిన సాయంత్రమే కదా..." అంది పిట్ట. అల్లుడు చెప్పులతో అలాగే నిలబడ్డాడు.

"అవును. ఆ సాయంత్రమే. దారి పొడుగునా నేనూ అదే అనుకున్నా. తవ్వి తీసుకొచ్చేద్దామా అని కూడా అనుకున్నా." అత్తమ్మ గొంతు పెంచలేదు. "అది కుట్టిన నాటి నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు పిట్టా. నువ్వా పరుపు మీద ఒక్క పూటైనా పడుకోలేదు. మరి అన్ని నెలలు దాని గుండె కొట్టించిందెవరు? ఇప్పుడా అద్దం లోపల కొట్టిస్తున్నదెవరు? ఆ గుమ్మం ఎక్కినదాన్ని గనక చెబుతున్నా. అక్కడ ఎవరూ లేరమ్మా. మనలాంటి మనిషే, విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నాడు. దగ్గొస్తే దగ్గుతున్నాడు."

పిట్ట గోడవైపు తిరిగి పడుకుంది.

"ఉన్నది ఆయనొక్కడే. ఇస్తే పొగుడుదాం. ఇవ్వకపోతే ఆయన దగ్గరే ఏడుద్దాం. నీ పక్కన నేనూ ఏడుస్తా. ఇంకో గుమ్మం మాత్రం ఎక్కను, నిన్ను ఎక్కనివ్వను."

అల్లుడు చెప్పులు విడిచి మంచం చివర కూర్చున్నాడు. వార్డులో ఎవరిదో గిన్నె కింద పడింది, ఎవరో విసుక్కున్నారు. కిటికీలో వెలుతురు పోయింది.

పిట్ట గోడవైపు నుంచే అడిగింది. "ఏమని అడగాలమ్మా?"

"నీ నోటికి ఎలా వస్తే అలా. దానికి పద్ధతేం లేదు, దళారీ లేడుగా."

పిట్ట ఇటు తిరిగింది. చేతులెత్తబోయింది. సూది గుచ్చిన చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. అత్తమ్మ ఆ చేతి కింద తన చెయ్యి పెట్టి, సెలైను గొట్టం మడతపడకుండా, నెమ్మదిగా పైకెత్తి పట్టుకుంది. పిట్ట కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. ఏమంటోందో మాకెవరికీ వినపడలేదు.

అప్పుడే గుమ్మంలోకి నర్సు వచ్చింది. "అద్దాల పెట్టెలో పాప తల్లి ఎవరండీ?"

మావారు, అల్లుడు, నేను ముగ్గురం ఒక్కసారే లేచాం. పాపకి పాలు పట్టి చూద్దామని పిలవడానికి వచ్చిందని మాకింకా తెలియదు.

అత్తమ్మ ఒక్కతే కదల్లేదు. ఎత్తిన చెయ్యి దించకుండా, తల మాత్రం తిప్పి, "ఒక్క నిమిషం ఆగమ్మా, మాట్లాడుతోంది" అంది.